ఆడపిల్లకి కరాటేనా, జూడోనా, బాక్సింగా? పర్లాకిమిడి, బరంపురం వాళ్ళు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ప్లస్ టూ అయింది. బరంపురంలో నర్సింగ్ సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటుంది. వెళ్ళేలోగా ఇక్కడ ఏదైనా ఆత్మరక్షణ విద్య మొదలుపెట్టించి, అక్కడికెళ్ళాక కూడా మానకుండా చూడాలని ఉంది. ఇక్కడ మా వీధి చివర కరాటే క్లాసు ఉంది. బరంపురంలో టైక్వాండో, బాక్సింగ్ రెండూ ఉన్నాయట, ఒక జిమ్‌లో ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిపిన పోటీ విద్య) కూడా నేర్పుతున్నారట. రాయగడలో ఉన్న మా మరిది జూడో తప్ప ఇంకోటి వద్దంటాడు. మా ఆయన ఫోన్లో క్రావ్ మాగా (ఇజ్రాయెల్ సైన్యం నేర్చుకునే ఆత్మరక్షణ విద్య) వీడియోలు చూసి, "రెండు రోజుల వర్క్‌షాపు చాలు, ఏళ్ళ తరబడి ఎందుకు" అంటున్నారు. పిల్ల సన్నగా ఉంటుంది, పెద్దగా నోరు విప్పదు. డబ్బు ఒక్కసారే పెట్టగలం, నాలుగు చోట్ల తిప్పలేం. ఏది మంచిదో తెలిసినవాళ్ళు చెప్పండి.

సెన్సై_గంజాం
అమ్మా, కరాటేలో చేర్పించండి. నేను నేర్పేది అదే కాబట్టి అలాగే అంటానని మీకు అనిపించవచ్చు, కానీ కారణం చెప్తాను. నోరు విప్పని పిల్లకి ముందు కావలసింది నిలబడే తీరు, గొంతు. కరాటేలో ప్రతి దెబ్బతోనూ "కియాయ్" అని అరిపిస్తాం. మొదటి వారం సిగ్గుపడే పిల్లలే మూడో నెలకి హాలు అదిరేలా అరుస్తారు. ఇది నిన్నా మొన్నా వచ్చిన ఫ్యాషన్ కాదు. ఒకినావాలో పుట్టిన విద్యను గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యోలో చూపించాక జపాన్ అంతా పాకింది. మన జిల్లాల్లో చిన్న ఊళ్ళో కూడా మాస్టారు దొరికే విద్య ఇదొక్కటే. బరంపురం వెళ్ళినా ఆగిపోదు.

పట్టుచీరల_వీధి (బరంపురం)
సెన్సై గారి మీద గౌరవం ఉంది, కానీ ఒక సంగతి చెప్పక తప్పదు. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే పెట్టారు కదా, 2021 ఆగస్టులో. మగవాళ్ళ భారీ బరువు ఫైనల్లో సౌదీ కుర్రాడు తారెగ్ హమెది ఇరాన్ వాడి తల మీద తన్నాడు. ఇరాన్ వాడు స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. బంగారం ఎవరికొచ్చిందనుకున్నారు? పడిపోయినవాడికే. దెబ్బ అదుపు తప్పిందని కొట్టినవాణ్ణి అనర్హుడన్నారు. ఆటగా అది న్యాయమే, రూలు రూలే. కానీ దెబ్బ తగలకముందే ఆపడం ఏళ్ళ తరబడి అలవాటు చేసిన శరీరం రోడ్డు మీద ఆపకుండా కొడుతుందా?

టైక్వాండో సంగతీ అంతే. ఒలింపిక్ రూల్స్‌లో ముఖం మీద పిడికిలితో కొట్టకూడదు, అందుకే చాలామంది చేతులు కిందికి వేలాడదీసి కాళ్ళతో ఆడతారు. ఇరుకు షేర్ ఆటోలో కాలు ఎక్కడ లేపుతుంది?

నేనైతే బాక్సింగ్ అంటాను. ఎవడో నిజంగా ముఖం మీదికి గుద్దుతుంటే కళ్ళు మూసుకోకుండా ఉండటం అక్కడే వస్తుంది. ఆర్నెల్లు చాలు.

సెన్సై_గంజాం
బాబూ, ఒక్క ఫైనల్ చూసి విద్య మొత్తాన్ని కొలవకూడదు. క్యోకుషిన్ కరాటేలో ఒంటి మీద పూర్తి బలంతోనే కొట్టుకుంటారు. మీ బాక్సింగ్‌లో మాత్రం చేతికి పట్టీ చుట్టి, పైన గ్లవ్ వేసుకుంటారు. ఆ రెండూ లేకుండా ఎవడి తల మీదైనా గుద్ది చూడు, చిటికెన వేలి కింద ఎముక విరుగుతుంది. డాక్టర్లు దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరు పెట్టారు. అందుకే ఆడపిల్లలకి నేను అరచేతి అడుగు భాగంతో కొట్టమని నేర్పుతాను.

పట్టుచీరల_వీధి
ఎముక విషయం ఒప్పుకుంటాను. కానీ క్యోకుషిన్‌లోనూ ముఖం మీద పిడికిలి నిషేధమే కదండీ. మళ్ళీ అక్కడికే వచ్చాం 🙂

గుణుపురం_ప్యాసింజర్
ఇవన్నీ వద్దు. పరుగు నేర్పించండి. ఉచితం.

రాయగడ_తతామి
ఆ మరిదిని నేను కాదు గానీ, ఆయన మాటే నా మాట 😄 రైల్వేలో పని, సాయంత్రాలు జూడో. ఈ గొడవలో అందరూ వదిలేస్తున్న విషయం ఒకటుంది.

1882లో జిగోరో కానో జూడో మొదలుపెట్టేనాటికి జపాన్‌లో జుజుత్సు బడులు చాలా ఉన్నాయి. వాటిలో కళ్ళు పొడవడం, కీళ్ళు విరవడం లాంటి ప్రమాదకరమైన పట్లు ఉండేవి. అంత ప్రమాదం కాబట్టే వాటిని తోటి శిష్యుడి మీద పూర్తి బలంతో చేసి చూడటానికి వీల్లేదు, వరస ప్రకారం నటించాల్సిందే. కానో ఆ పట్లను రోజువారీ కుస్తీలోంచి తీసేశాడు. మిగిలినవాటిని ఎదుటివాడు నిజంగా ఎదిరిస్తుండగా, పూర్తి బలంతో రోజూ చేయించాడు. దాన్నే రందోరి అంటారు. చూడటానికి ప్రమాదం తగ్గిన విద్యే, కానీ అది నేర్చినవాడు పట్టు వేస్తే పడుతుంది. ఎందుకంటే పడనివ్వనివాళ్ళ మీద రోజూ వేసి చూశాడు.

కాబట్టి అమ్మా, పేరు చూడకండి. క్లాసుకి వెళ్ళి ఒక మూల కూర్చోండి. గంటలో ఎంతసేపు గాలిని కొడుతున్నారు, ఎంతసేపు ఒకరినొకరు నిజంగా పట్టుకుని విడిపించుకుంటున్నారు, అది చూడండి. రెండోది అసలే లేకపోతే అది జూడో అయినా నేను వద్దంటాను. ఉంటే కరాటే అయినా పంపండి.

జూడోలో లోటు కూడా చెప్పాలి. మేం దళసరి బట్ట పట్టుకుని లాగడం మీద ఆధారపడతాం. మన ఉక్కలో వేసుకునే పల్చటి టీ షర్టు పట్టుకుంటే చిరిగి చేతిలోకి వస్తుంది. పైగా గుద్దులు ఉండవు కాబట్టి ముఖం కాచుకోవడం రాదు. లాభం ఏమిటంటే, మొదటి నెలంతా పడటమే నేర్పుతాం. తల నేలకి కొట్టుకోకుండా పడటం రౌడీల గొడవలోనే కాదు, తడి మెట్ల మీద కూడా పనికొస్తుంది.

పట్టుచీరల_వీధి
రందోరి మాటతో నేనూ ఏకీభవిస్తాను. బాక్సింగ్ అన్నది కూడా స్పారింగ్, అంటే ఎదుటివాడితో నిజంగా తలపడే ప్రాక్టీస్, ఉందనే. 1993లో మొదటి యూఎఫ్‌సీలో (రకరకాల విద్యలవాళ్ళు తలపడే పోటీ) రాయిస్ గ్రేసీ తనకంటే పెద్దవాళ్ళని ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. వాళ్ళ బ్రెజిలియన్ జుజుత్సు జూడోలోంచి వచ్చిందే. కానీ అక్కడ ఒకడికి ఒకడు, కింద మెత్తటి చాప. తారు రోడ్డు మీద కింద పడుకుని పట్లు పడుతుంటే వాడి స్నేహితుడు వచ్చి తంతాడు. కింద పడితే లేవడం వరకు నేర్చుకుంటే చాలు.

సాము_తాతయ్య (పర్లాకిమిడి)
జపాను, కొరియా, బ్రెజిలు అయ్యాయి. మన ఊరి సంగతి ఎవరూ ఎత్తలేదేమి? మా చిన్నతనంలో పేటకో గరిడి ఉండేది. కర్రసాము, కత్తిసాము, దండీలు, బస్కీలు. వీరఘట్టం ఇక్కడికి దగ్గరే, కోడి రామమూర్తి నాయుడు పుట్టిన ఊరు. గొలుసులు తెంపడం, కారు కదలకుండా పట్టడం లాంటివి చూసి దేశం ముక్కున వేలేసుకుంది. ఒడియా వాళ్ళకి పైకా అఖడాలు ఉన్నాయి. 1817లో ఖుర్దాలో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డ పైకులనే సిపాయిల వారసత్వం అని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మనం మాత్రం గరిడిని ఊరేగింపుల్లో తిప్పే కర్రగా మార్చేశాం. ఆడపిల్లలకి కర్ర నేర్పించండి. కర్ర పట్టినవాళ్ళ దగ్గరికి ఎవడూ చెయ్యి దూరంలోకి రాడు.

గుణుపురం_ప్యాసింజర్
తాతగారూ, బరంపురం సిటీ బస్సులో కర్ర తిప్పితే కండక్టర్ దింపేస్తాడు.

సాము_తాతయ్య
గొడుగు ఉంటుంది కదరా నాయనా. దాని మొనతో పొట్టలో పొడిచి చూడు ఒకసారి.

రాయగడ_తతామి
తాతగారు చెప్పిన దూరం సంగతి నిజం. చెయ్యి అందే దూరంలోకి రానివ్వకపోవడమే సగం పని. ఆ ఒక్క ముక్క చాలా క్లాసుల్లో చెప్పరు.

మహేంద్రతనయ
చాలా థాంక్స్ అండి. చదువుతుంటే బుర్ర తిరుగుతోంది గానీ కొంచెం దారి కనిపిస్తోంది. క్రావ్ మాగా గురించి ఎవరూ అనలేదు. మా ఆయన పక్కనే కూర్చుని "అడుగు, అడుగు" అంటున్నారు.

పట్టుచీరల_వీధి
అన్నగారికి చెప్పండి. క్రావ్ మాగాని కూర్చిన ఇమి లిచ్టెన్‌ఫెల్డ్ రెండు రోజుల వర్క్‌షాపులో తయారైనవాడు కాదు. బ్రాటిస్లావాలో కుర్రతనం నుంచీ బాక్సింగ్, కుస్తీ పోటీల్లో ఆడినవాడు. 1930లలో యూదుల వీధుల మీదికి వచ్చే మూకలతో కొట్లాడి, ఆ అనుభవంతో తర్వాత ఇజ్రాయెల్ సైన్యానికి నేర్పాడు. అంటే పునాది ముందే ఉంది, దాని మీద ఈ పట్లు వేశాడు. వీడియోలో మాత్రం పునాది కనిపించదు, పట్లే కనిపిస్తాయి. మంచి క్రావ్ మాగా బడిలో వారం వారం స్పారింగ్ ఉంటుంది, అది దొరికితే బంగారమే. శని, ఆదివారాల్లో సర్టిఫికెట్ ఇచ్చి పంపేవాళ్ళ దగ్గర మాత్రం కత్తి లాక్కోవడం నేర్చుకోకండి. కత్తి కనబడితే పర్సు పారేసి పరిగెత్తడమే, గుణుపురం గారు మొదట చెప్పినట్టు.

నైట్‌డ్యూటీ_అక్క (బరంపురం)
నిన్నటి నుంచి చదువుతున్నాను. మగవాళ్ళంతా రోడ్డు మీద ముసుగేసుకుని వచ్చే రౌడీ గురించే మాట్లాడుతున్నారు. నేను స్టాఫ్ నర్సుని, చాలా ఏళ్ళుగా రాత్రి డ్యూటీలు చేస్తున్నాను. నాకూ, నా తోటివాళ్ళకీ ఇబ్బంది పెట్టినవాళ్ళలో ముక్కూమొహం తెలియనివాళ్ళు తక్కువ. పేషెంటు బంధువు, లిఫ్టులో పై అధికారి, చుట్టపుచూపుగా వచ్చిన బాబాయి వరసవాడు. ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు తీసే ప్రభుత్వ సంస్థ) లెక్కల్లో ఏటా అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. తెలిసినవాడు భుజం మీద చెయ్యి వేస్తే రౌండ్ కిక్ కొడుతుందా మన పిల్ల? కొట్టదు. నవ్వేసి పక్కకి జరుగుతుంది. మనం అలాగే పెంచాం మరి.

కెనడాలో ఒక పరిశోధన జరిగింది, 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మూడు యూనివర్సిటీల్లో మొదటి ఏడాది చదివే 893 మంది అమ్మాయిల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కరపత్రాలు ఇచ్చారు. రెండో జట్టుకి మూడేసి గంటల క్లాసులు నాలుగు పెట్టారు. అందులో దెబ్బలు కొట్టడం ఒక భాగమే. తెలిసినవాడి దగ్గర ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మొహమాటపడకుండా "వద్దు" అనడం, ఆపకపోతే గొంతుతో, చేతులతో ఎదిరించడం, ఇవి ఎక్కువ. ఏడాది తర్వాత చూస్తే, అత్యాచారానికి గురైనవాళ్ళు కరపత్రాల జట్టులో నూటికి 9.8, క్లాసుల జట్టులో 5.2. మొత్తం పన్నెండు గంటల శిక్షణ అంతే.

కాబట్టి మహేంద్రతనయ అక్కా, అన్నగారి రెండు రోజుల మాట పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. రెండు రోజుల్లో ఏం నేర్పుతారన్నదే ప్రశ్న. కత్తి లాక్కోవడం నేర్పితే దండగ. "చెయ్యి తియ్" అని అనడం నేర్పితే పనికొస్తుంది. బస్సులో ఊరికే అరవకూడదు, ఎవరిని అంటున్నామో జనానికి తెలియాలి. "ఎర్ర చొక్కా, చెయ్యి తియ్" అనాలి. అప్పుడు బస్సు మొత్తం ఎర్ర చొక్కా వైపు తిరుగుతుంది. ఇంట్లో మీరూ మీ ఆయనా ఎదురుగా కూర్చుని పిల్ల చేత గట్టిగా అనిపించండి. మొదట నవ్వు వస్తుంది, రానివ్వండి.

సెన్సై_గంజాం
సిస్టర్ చెప్పింది బాగుంది. వచ్చే వారం నుంచి మా పెద్ద పిల్లల క్లాసులో ఈ ఎర్ర చొక్కా పద్ధతి పెడతాను.

లాయరమ్మ (బరంపురం)
చట్టం వైపు నుంచి కొంచెం. "తిరిగి కొడితే నా మీదే కేసు పెడతారా" అని చాలామంది అమ్మాయిలు అడుగుతారు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. మీ శరీరాన్నే కాదు, పక్కవాళ్ళ శరీరాన్ని కాపాడటానికీ హక్కు ఉంది. హద్దు 37లో ఉంది. రక్షణకి ఎంత అవసరమో అంతకు మించి గాయపరచకూడదు. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. అంటే వాడు వదిలేసి పారిపోతుంటే వెంటపడి కొట్టకండి, అక్కడితో అది ఆత్మరక్షణ కాకుండా పోతుంది. ప్రాణభయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివి ఎదురైతే మాత్రం 38 ప్రకారం ఆ హక్కు ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకూ వెళ్తుంది.

సరిహద్దులో ఉన్న మనకి ఇంకో తలనొప్పి ఉంది. మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశాలో పర్లాకిమిడి, అవతల ఆంధ్రాలో పాతపట్నం. బస్సులో ఏదైనా జరిగితే "అది మా పరిధి కాదు, ఆంధ్రాలో పెట్టండి" అని తిప్పుతారు. తిరగకండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. రైల్లో అయితే 139, మిగతా చోట్ల 112, మహిళల హెల్ప్‌లైన్ 181. పిల్ల ఫోన్లో ఎమర్జెన్సీ కాల్ ఎలా వెళ్తుందో ఇంట్లోనే చూసి పెట్టుకోండి, వీధిలో కాదు.

గుణుపురం_ప్యాసింజర్
లాయరమ్మ గారూ, వెంటపడి ఒక్క దెబ్బ కూడా వద్దా?

లాయరమ్మ
వద్దు. మీలాంటి క్లయింట్ల వల్లే మాకు ఫీజులు వస్తున్నాయి.

నిర్వాహకులు
ఫలానా మాస్టారు మంచివాడా కాదా అని పేర్లు పెట్టి రాసిన రెండు కామెంట్లు తీసేశాం. మనుషుల పేర్లు వద్దు, విద్య గురించి రాయండి.

మహేంద్రతనయ
అమ్మ ఫోన్ నుంచి నేను రాస్తున్నాను, ఆ "సన్నటి పిల్ల"ని. నా గురించి ఇంతమంది ఇన్ని రాశారు, నన్నెవరూ అడగలేదు 😐

మా స్కూల్లో రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ అని మూడు నెలలు నేర్పారు. వరసగా నిలబడి గాలిలో గుద్దడమే. రాయగడ అంకుల్ చెప్పినట్టు ఒక్కసారి కూడా ఎవరూ నా చెయ్యి పట్టుకుని "విడిపించుకో" అనలేదు. వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టాం. పెంకులు ముందే పలచటివి తెచ్చారు.

నాకు రెండు సందేహాలు. ఒకటి, జూడో, బాక్సింగ్‌లో అబ్బాయిలతో కలిపి ప్రాక్టీస్ చేయిస్తారా? ఎవరైనా వంకతో తాకితే ఎలా తెలుస్తుంది? రెండోది, నెలసరి రోజుల్లో మానేయాలా? అమ్మని అడిగితే మానేయమంది.

నైట్‌డ్యూటీ_అక్క
బంగారం, నువ్వే అడిగావు, సంతోషం. రెండోదానికి ముందు చెప్తాను. మానక్కర్లేదు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు తగ్గించుకో, మాస్టారికి "ఇవాళ తేలిగ్గా చేస్తాను" అంటే చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు. కారణం అడిగే మాస్టారైతే ఆ క్లాసు మార్చు. మొదటిదానికి రాయగడ ఆయన చెప్తే బాగుంటుంది.

రాయగడ_తతామి
మంచి ప్రశ్న తల్లీ. మా దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయిల్ని మొదట అమ్మాయిలతోనే కలుపుతాం. కొన్నాళ్ళకి, వాళ్ళు ఒప్పుకుంటేనే, అబ్బాయిలతో. ఒప్పుకోమని నేను గట్టిగానే చెప్తాను, ఎందుకంటే నీకంటే ఇరవై కిలోలు బరువున్నవాడి కింద నుంచి లేవడం నీ బరువున్న స్నేహితురాలితో ఎప్పటికీ తెలియదు. కానీ అది నీ నిర్ణయమే.

తాకడం సంగతి. పట్టు పట్టేటప్పుడు చెయ్యి ఎక్కడ ఉండాలో ప్రతి పట్టుకీ ఒక చోటు ఉంది. మాస్టారు దాన్ని నోటితో చెప్పి చూపించాలి. పట్టు అయిపోయాక కూడా చెయ్యి అక్కడే ఉంటే అది ప్రాక్టీస్ కాదు. ఆగు అనడానికి చాప మీద రెండుసార్లు తట్టడం నియమం. తడితే వెంటనే వదలాలి, వదలనివాణ్ణి ఆ రోజే బయటికి పంపాలి. ట్రయల్ క్లాసులో అది జరుగుతోందా లేదా చూడు. మాస్టారు ఒక్కరే ఆడపిల్లల్ని సరిదిద్దుతూ ఒంటి మీద చేతులు వేస్తుంటే, ఎంత పెద్ద బెల్టు అయినా సరే, అమ్మతో చెప్పి వచ్చేయ్.

సెన్సై_గంజాం
ఈ చివరి మాట మా వృత్తిలో అందరం గోడ మీద రాసి పెట్టుకోవాలి. బెల్టుల గురించి కూడా చెప్తాను తల్లీ. ప్రతి మూడు నెలలకీ పరీక్ష, ప్రతి పరీక్షకీ ఫీజు, ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు అనే చోటికి వెళ్ళకు. నా దగ్గర బ్లాక్ బెల్టుకి ఐదారేళ్ళు పడుతుంది, అందుకే నాకు పిల్లలు తక్కువ.

పట్టుచీరల_వీధి
చెల్లీ, బరంపురం వచ్చాక మా బాక్సింగ్ జిమ్‌లో సాయంత్రం అమ్మాయిల బ్యాచ్ వేరే ఉంది, నేర్పేది కూడా ఒక దీదీనే. గొప్ప కోసం చెప్పట్లేదు, నీ మొదటి ప్రశ్న చదివాక గుర్తొచ్చింది.

మహేంద్రతనయ
మళ్ళీ అమ్మని. దానికి ఇంత మాట్లాడటం వచ్చని నాకే తెలియదు. ఇప్పుడు తేల్చుకున్నది ఇది. హాస్టల్లో చేరేదాకా ఇక్కడి కరాటే క్లాసులో అరవడం, నిలబడటం నేర్చుకుంటుంది, అదీ జతగా ప్రాక్టీస్ చేయిస్తేనే. బరంపురం వెళ్ళాక ఆ దీదీ బ్యాచ్‌లో ఒకరోజు చూసి వస్తుంది. జూడో ఎక్కడైనా దొరికితే పడటం వరకైనా నేర్చుకుంటానంటోంది. ఈ ఆదివారం ట్రయల్. మా ఆయన కూడా వస్తానంటున్నారు, ఎర్ర చొక్కా వేసుకుని. ఏం తీసుకెళ్ళాలి?

రాయగడ_తతామి
నీళ్ళ సీసా, తువ్వాలు. చేతి గోళ్ళు, కాలి గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి. కమ్మలు, గొలుసు, పట్టీలు తీసి ఇంట్లో పెట్టాలి. జుట్టు బిగించి జడ వేసుకోవాలి, క్లిప్పులు గుచ్చుకుంటాయి, రబ్బరు బ్యాండ్ చాలు. తినేసి రెండు గంటలైనా అవ్వాలి.

గుణుపురం_ప్యాసింజర్
మరి గొడుగు?

సాము_తాతయ్య
గొడుగు నేను పంపిస్తాను. పాత రకం, చెక్క పిడిది.